గురువులు తాతకు ముందు సీటు

ఈ ఉదయం మొదటి ట్రిప్పులో ఒక పెద్దాయనకు బెల్టు పెడుతూ వంగితే, ఆయన కండువాలోంచి చుట్ట వాసన గుప్పుమని తగిలింది. ఇంజనుకు పోసే నూనె వాసన, సముద్రం మీది ఉప్పుగాలి, వాటి మధ్యలో నాటు పొగాకు ఘాటు. నా చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. పెద్దాయన కంగారుపడి, "ఏటమ్మా, బెల్టు సాలనేదా?" అని అడిగాడు. "సరిపోయింది తాతా" అని తలుపు వేసి వెనక్కి వచ్చేశాను. హెలికాప్టరు లేచి కొండ వైపు తిరిగిపోయింది. నేను మాత్రం వంశధార ఒడ్డున, కళింగపట్నం రేవులో, పదహారేళ్ల పిల్లనై నిలబడ్డాను.

నా పని గురించి ముందు చెప్పాలి. విశాఖపట్నం సముద్రం ఒడ్డున జనాన్ని హెలికాప్టరు ఎక్కించి, పది నిమిషాలు నగరమంతా చూపించి దించే చోట నేను ఉద్యోగం చేస్తున్నాను. నడిపేది నేను కాదు. వచ్చినవాళ్లను తూచి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కాగితం మీద రాసి, ఆ ప్రకారం కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, తలుపు వేసే మనిషిని. వినడానికి చిన్న పనే. కానీ తూకం యంత్రం దగ్గర ఒక్క పూట నిలబడి చూడండి, లోకం తెలుస్తుంది. ఆడవాళ్లు గాజులు తీసి, హ్యాండుబ్యాగు మొగుడి చేతికిచ్చి యంత్రం ఎక్కుతారు. ఆ మొగుడు అదే బ్యాగుతో తరువాత ఎక్కాల్సినవాడే! మగవాళ్లు పొట్ట లోపలికి పీల్చి నిలబడతారు. ఊపిరి బిగబడితే నాలుగు కిలోలు తగ్గుతాయని ఎవరు చెప్పారో వీళ్లకి. ఇక అందరికీ పైలట్ పక్కనున్న ముందు సీటే కావాలి. తెలిసినవాళ్ల పేర్లు చెబుతారు, బతిమాలతారు, కోప్పడతారు. నేను నవ్వుతూనే ఉంటాను, సీటు మాత్రం మారదు.

ఈ పని నాకు నేర్పింది ఏ విమానాల కాలేజీ కాదు. ఏరు దాటించే పడవను నలభై ఏళ్లు గెడకర్రతో తోసి నడిపిన గురువులు తాత. నాకు చుట్టం కాడు. మా ఊరు ఏటికి అవతలి గట్టున ఉంటే ఆయన ఇవతల కళింగపట్నంలో ఉండేవాడు. ఆయన జీవితంలో హెలికాప్టరు ఒక్కసారే ఎక్కాడు. ఎక్కించింది నేనే. తప్పుగా ఎక్కించింది కూడా నేనే.

మాది వరి పండించే ఇల్లు. పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవాలంటే ఏరు దాటి వెళ్లాల్సిందే. మొదటిరోజు పడవ దగ్గరికి వెళ్లేసరికి గురువులు తాత పడవ మధ్యలో నిలబడి జనాన్ని సర్దుతున్నాడు. ఎండుకర్రలా ఉండేవాడు మనిషి. మోకాళ్ల పైకి పంచె, చెవిలో చుట్ట ముక్క. ఎక్కేవాళ్ల ముఖం చూసేవాడు కాదు, పాదం చూసేవాడు. పాదం పడ్డప్పుడు పడవ ఎటు ఎంత వంగిందో చూసి చోటు చెప్పేవాడు. మా ఊరి బుగత, అంటే పెద్ద భూస్వామి, మల్లెపువ్వు లాంటి పంచె కట్టుకుని వచ్చి ఎప్పటిలాగే ముందువైపు బల్ల మీద కూర్చోబోయాడు.

"బాబూ, తమరటు ఎల్లి మేకల పక్కన కూకోండి" అన్నాడు తాత.

"ఏట్రా గురువులూ, నన్ను మేకల పక్కన కూకోమంతావా?"

"తమర్ని కాదు బాబూ, తమరి బరువుని కూకోమంతన్నాను. తమరు ఎక్కడైనా ఉండండి, బరువుని మాత్తరం అక్కడెట్టండి."

పడవలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఇంకేమైనా ఉందా! అందరం ఏటి వైపు చూస్తూ పెదాలు బిగబట్టాం. బుగత ఎర్రగా చూశాడు. తాత గెడ పైకి ఎత్తలేదు. అలా ఎంతసేపైనా నిలబడేవాడాయన. చివరికి బుగత లేచి వెళ్లి మేకల పక్కన కూర్చున్నాడు. కళింగపట్నం గట్టు చేరేసరికి ఒక మేక ఆయన కండువా అంచు సగం నమిలేసింది. దిగాక నేను ఉండబట్టలేక, "తాతా, ఆయనకి కోపం వస్తే?" అని అడిగాను. "రానీ. పడవకి ఆయన బుగతని తెల్దు" అని గెడ కడుక్కున్నాడు. అంత పెద్దమనిషికి అలా చెప్పగలిగిన మనిషిని నేను అప్పటివరకు చూడలేదు. ఆ రోజు నుంచి కావాలనే ఆయన కాళ్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను.

ఒక మాఘమాసంలో కొత్త పెళ్లిజంట పడవెక్కారు. పెళ్లికొడుకు పెళ్లికూతురి కొంగు వదలడు. తాత ఆ అమ్మాయిని వెనక్కి, అబ్బాయిని ముందుకు వెళ్లమన్నాడు. అబ్బాయి మొండికేశాడు. పక్కపక్కనే కూర్చుంటే ఏమవుతుందని వాదన. "ఒరే బావూ, ఏరు దాటినాక నూరేళ్లు పక్కపక్కనే కూకోండి, ఎవుడొద్దన్నాడు? ఈ పావుగంట నా మాటిను" అన్నాడు తాత. పడవలోని ముసలమ్మలు గొల్లున నవ్వారు. పాపం ఆ అబ్బాయి దారి పొడుగునా మెడ వెనక్కి తిప్పి చూస్తూనే ఉన్నాడు. తాత దయలేనివాడని అనుకునేరు. అదే రోజు సాయంత్రం పురిటినొప్పులతో ఉన్న ఒకామెను తీసుకొస్తే, ఆమె కోసం పడవంతా ఖాళీ చేయించి, ఆమె పడుకున్న చోటుకు సరిపడా ఇసుక బస్తాలు అవతలి పక్క తనే మోసి సర్ది, ఒక్క కుదుపు లేకుండా దాటించాడు. దయ ఉన్నా లేకపోయినా లెక్క ఒకటే ఆయనకి.

నాకు గట్టిగా గుర్తున్నది ఇంకో రోజు. వానాకాలం, ఏరు గట్ల నిండా ఉంది. తాతకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. పడవ మీద నిలబడి నోరు తెరిస్తే గాలే వస్తోంది. నా వైపు వేలు చూపించి, జనం వైపు చెయ్యి తిప్పాడు. నువ్వు చెప్పు అని. నేనా అనుకున్నాను. కానీ ఏడాదికి పైగా చూస్తున్నదే కదా! ఎక్కేవాళ్ల పాదాలు చూస్తూ, "పిన్నీ నువ్విటు, మావా నువ్వా బస్తా తీసుకుని అటు, మాస్టారూ మీరు మజ్జిలోకి" అంటూ ఒక్కొక్కరినీ సర్దాను. ఒకాయన, "గుంటపిల్లకి పెత్తనం వచ్చిందిరోయ్!" అన్నాడు. అన్నా, చెప్పిన చోటే కూర్చున్నాడు. ఆ వరద నీటి మీద పడవ పళ్లెంలా తిన్నగా సాగింది. గట్టు తగలగానే నేను తాత ముఖం కేసి చూశాను. ఒక్క మాట అంటాడని. గొంతు లేకపోతేనేం, తల ఊపినా చాలు. ఆయన తాడు కట్టి, చుట్ట వెలిగించుకుని, వెళ్లు వెళ్లు, కాలేజీకి ఆలస్యమవుతోందన్నట్టు చెయ్యి విసిరాడు.

ఇంటికి వచ్చి ఏడ్చాను. మా అమ్మ కంగారుపడింది. "ఏటే, గురువులు తిట్టినాడేటి?"

"తిట్టనేదు."

"మరెందుకే ఏడుపు?"

"తిట్టనూనేదు, మెచ్చనూనేదు."

"ఓలమ్మ! గురువులు మెచ్చడం ఎవరైనా సూసినారేటే ఈ ఊళ్లో?" అని అమ్మ నవ్వింది. నిజమే, ఎవరూ చూడలేదు. కానీ ఆ రోజు నుంచి నాకదొక పంతమైపోయింది. ఈ ముసలాయన నోటి వెంట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'బాగా సేసినావే' అనిపించుకోవాలి. కాలేజీలో బహుమతి వచ్చినప్పుడు మాస్టార్లు అన్నారు, ఇంట్లో అన్నారు, బంధువులు అన్నారు. ఎంతమంది అన్నా నాకు కడుపు నిండలేదు.

తరువాత వంతెన వచ్చింది, రేవు మూతబడింది. నేను డిగ్రీ చేసి, విశాఖలో చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, ఈ హెలికాప్టర్ల చోట ఇంటర్వ్యూకి వెళ్లాను. ఒక పెద్ద అధికారి ముందు సీటే కావాలని పట్టుబడితే ఏం చేస్తావని అడిగారు. మిగతావాళ్లు నవ్వుతూ నచ్చజెబుతామని, పైవాళ్లకు తెలియజేస్తామని చెప్పారట. నేను బుగత, మేకల కథ చెప్పాను. అడిగినాయన పొట్ట పట్టుకుని నవ్వి, ఎప్పుడు చేరతావన్నాడు. ఆ కబురు చెప్పడానికి కళింగపట్నం పరుగెత్తాను. తాత ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటి పనే?"

"మనుషుల బరువు సూసి కూకోబెట్టడం తాతా. నువ్వు సేసిన పనే."

"దానికి జీతవిస్తారా?" అని కాసేపు ఆలోచించి, "పట్నపోళ్లు ఎర్రోళ్లు" అన్నాడు. అంతే! మెచ్చుకోలు మళ్లీ వాయిదా పడింది. కానీ వెళ్లబోతుంటే పిలిచి, ఒక సంగతి అడిగాడు. "ఒలే, మీదనుంచి సూస్తే నీటి కింద ఇసక కనిపిస్తాదంట, నిజవేనా? లోతెక్కడో మెరకెక్కడో తెలిసిపోతాదంట?" నిజమే తాతా, లోతు తక్కువున్న చోట నీరు తేటగా పచ్చగా ఉంటుంది, లోతున్న చోట నల్లబడుతుంది, ఇసకతిన్నెలు గీసినట్టు కనిపిస్తాయి అని చెప్పాను. ఆయన ఏటి వైపు తిరిగాడు. "నలబయ్యేళ్లు గెడ ఏసి తడివినాను గానీ ఎప్పుడూ కంటితో సూడనేదు" అన్నాడు. అప్పుడే అనుకున్నాను, ఈయనకు అది చూపించి తీరాలని. మా హెలికాప్టరులో ముందు సీటులో కూర్చుంటే కాళ్ల కింద కూడా అద్దమే. సముద్రం మీద తిరిగినప్పుడు ఇసకతిన్నెలన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. వెనక మధ్యలో కూర్చుంటే పక్కవాళ్ల భుజాలే కనిపిస్తాయి.

రెండేళ్లకు ఆయన కంటి ఆపరేషన్ కోసం విశాఖ వచ్చాడు. నెల తరువాత మళ్లీ చూపించుకోవడానికి కొడుకుతో వచ్చినప్పుడు, నేను ముందే టికెట్టు కొని పెట్టి పొద్దున్నే మొదటి ట్రిప్పుకు రప్పించాను. ఉతికిన పంచె, కొత్త కళ్లద్దాలు, చేతిలో చెప్పులు. తూకం యంత్రం మీద నిలబడితే పట్టుమని యాభై కిలోలు లేడు. అదే ట్రిప్పుకు పాతపట్నం నుంచి ఒక బట్టల వ్యాపారి, భార్య, ఇద్దరు కూతుళ్లు వచ్చారు. వ్యాపారి ఒక్కడే తాత లాంటి ఇద్దరి పెట్టు. ముందు ఒకరు, వెనక నలుగురు కూర్చోవాలి. అలాంటప్పుడు ఎవరిని ముందు కూర్చోబెట్టాలో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. భారీ మనిషిని.

అయినా ఆ రోజు నేను ఎన్నడూ చేయని పని చేశాను. ఎప్పుడూ ముందు బరువులు రాసి, తరువాత సీట్లు రాస్తాను. ఆ రోజు ముందు సీటుకు ఎదురుగా గురువులు అని రాసేసి, ఆ తరువాత లెక్క చూశాను. లెక్క కుదిరింది. నిజంగానే కుదిరింది. బరువు ఒకవైపే మొగ్గకుండా కాగితం మీద గీసి ఉన్న హద్దు గీత లోపలే ఉంది. గీతకు ఆనుకుని ఉంది, అంతే. ఏం ఫరవాలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ రెండేళ్లలో ఒక్కరికైనా మొహమాటపడ్డానా? ఈ ఒక్క మనిషికి ఆ మాత్రం చెయ్యకూడదా?

ఇంజను ఇంకా వేయలేదు. వ్యాపారి కుటుంబాన్ని వెనక ఎక్కిస్తున్నాను. తాత నా పక్కన నిలబడి చూస్తున్నాడు. వ్యాపారి మెట్టు మీద కాలు పెట్టి లోపలికి వంగగానే హెలికాప్టరు కొద్దిగా కదిలింది. నేను తాత చెయ్యి పట్టుకుని ముందు తలుపు వైపు నడిపించి సీటులో కూర్చోబెట్టాను. ఆయన కాళ్ల కింది అద్దం చూశాడు. వెనక్కి తిరిగి ఆ నలుగురినీ చూశాడు. చూసి, మెల్లగా దిగిపోయాడు.

"ఏటి తాతా, బయవేస్తందా?"

"ఆ బాబు కాలెట్టినప్పుడు ఇది యెనక్కి వొంగినాది. సూసినావా?"

నేను చేతిలోని కాగితం వైపు చూశాను.

"ఆయన్ని యెనక కూకోబెట్టి, ఈ ఎండుకర్రని ముందెట్టినావు. ఎవులు నేర్పినారే నీకిలగ సర్దమని?"

"లెక్క సరిపోయింది తాతా. కాయితం మీద సూసినాను."

"సరిపోయిందా, సరిపెట్టినావా?"

తల కొట్టేసినట్టయింది నాకు. చుట్టూ మా మేనేజరు, టికెట్లమ్మే పిల్లలు, పైలట్, అందరూ వింటున్నారు. పైలట్ కాగితం నా చేతిలోంచి తీసుకుని చూసి, "గీత లోపలే ఉంది, ఎగరొచ్చు. కానీ ఆ వ్యాపారి గారిని ముందుకు మారిస్తే నాకూ హాయిగా ఉంటుంది" అన్నాడు నెమ్మదిగా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో సగం, ఉక్రోషంతో సగం. "తాతా, నువ్వు యెనక కూకుంటే ఇసక కనిపించదు. దాని కోసవే కదా వొచ్చినావు!" అన్నాను.

"కనిపించకపోతే మానీ. ఆడపిల్లలున్నారు లోపల. సర్దు."

సర్దాను. వ్యాపారిని ముందుకు పిలిచాను. ఆయన భార్యను ఒక కిటికీ దగ్గర, పెద్దమ్మాయిని ఇంకో కిటికీ దగ్గర, మధ్యలో తాతనూ చిన్నమ్మాయినీ కూర్చోబెట్టాను. నా చేతులతో నేనే ఆయన్ని వాళ్ల భుజాల మధ్య ఇరికించి బెల్టు బిగించాను. ఒకరి మాట అందరికీ వినిపించే మాటల యంత్రం అందరి చెవులకూ తగిలించాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. కొత్త కాగితం రాసి, పైలట్ సంతకం తీసుకుని, తలుపు వేసి దూరంగా వచ్చి నిలబడ్డాను. హెలికాప్టరు లేచింది. కైలాసగిరి వైపు వెళ్లి, సముద్రం మీదికి తిరిగి, హార్బరు దాకా పోయి, చుక్కంతై, మళ్లీ పెద్దదైంది. ఆ పది నిమిషాలూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మెప్పించాలనుకున్న మనిషి చేతే నలుగురిలో చీవాట్లు తిన్నాను. పైగా ఆయన కోరిక కూడా తీరలేదు.

దిగాక చెయ్యి అందించాను. "ఏటి కనిపించినాది తాతా?"

"నా పక్కనున్న సిన్నపిల్ల మోకాళ్ల మీంచి కూసింత సముద్రం కనిపించినాది. పచ్చగా ఉన్నాది" అన్నాడు. ఇంకోసారి ఎక్కిస్తానన్నాను, ఈసారి సరిగ్గా లెక్క చూసి ముందు సీటే వచ్చేలా. "సాలు. మెరక కనిపించినాది గదా" అని చెప్పులు వేసుకుని, కొడుకు ఉన్న టీ బడ్డీ వైపు వెళ్లిపోయాడు. అంతే. మంచీ లేదు, చెడ్డా లేదు.

నేను అక్కడే నిలబడిపోయాను. వ్యాపారి భార్య చీర సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఈశ్వరివి నువ్వేనా అమ్మా?"

"అవునండీ."

"పైకి లెగగానే నాకు గుండె జారిపోయింది తల్లీ. కళ్లు మూసేసుకుని దేవుళ్లందర్నీ తలుసుకుంతన్నాను. అప్పుడా తాత నా సెయ్యట్టుకుని, 'బయపడకమ్మా. మనల్ని కూకోబెట్టింది మా ఈశ్వరి. పొరపాటు సేస్తే ఒప్పుకుని దిద్దుకునే మనిషి. నాకంటే బాగా సర్దుతాది' అన్నాడు. దిగేదాకా అదే మాట. సెవులకెట్టినారు గదా, పైలట్ బాబుతో సహా అందరం ఇన్నాం. నాకు బయం పోయింది. ఆ మాట నీకు సెప్పాలనిపించింది."

నేను టీ బడ్డీ వైపు చూశాను. ఆయన నా వైపు వీపు పెట్టి, సాసరులో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. పరుగెత్తుకెళ్లి పట్టుకుందామనిపించింది. వెళ్లలేదు. వెళ్లి అడిగితే నేనలా అననే లేదని బుకాయిస్తాడు. నాకు తెలుసు ఆ మనిషి. అక్కడే నిలబడి, గాలికి కళ్లలో ఇసక పడిందని మేనేజరుకు అబద్ధం చెప్పి, కరువుతీరా ఏడ్చాను. ఇంటర్ చదివేనాటి ఏడుపుకీ దీనికీ ఎంత తేడా!

ఆ మరుసటి వానాకాలంలో తాత పోయాడు. ఆ మాట నా ఎదుట ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు బరువు రాస్తాను, ఆ తరువాతే సీటు. కొత్త పెళ్లికూతుళ్లైనా, కార్లలో దిగే పెద్దమనుషులైనా, సొంత అమ్మానాన్నలైనా అంతే. మా అమ్మ వచ్చినప్పుడు మధ్య సీటే పడింది, ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. తలుపు వేసే ముందు లోపల ఎవరైనా భయంతో బిగుసుకుపోయి కనిపిస్తే, వంగి వాళ్ల చెయ్యి పట్టుకుని ఒక్క మాట చెబుతాను: "భయపడకండి. మిమ్మల్ని కూర్చోబెట్టింది నేను." పొగరనుకుంటారేమో. అనుకోనీ.